ఓటీపీ అడగలేదు, లింక్ రాలేదు: అమ్మ ఖాతాలోంచి పోయిన 29,500 తిరిగి రావడానికి పట్టిన నాలుగు నెలలు

2025 జూలైలో మా అమ్మ బ్యాంకు ఖాతాలోంచి 29,500 రూపాయలు పోయాయి. ఎవరూ ఫోన్ చేసి మోసం చేయలేదు. అమ్మది బటన్ల ఫోన్, అందులో నెట్ లేదు, ఏ యాప్ లేదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు నగదు ఇచ్చే ఏఈపీఎస్ పద్ధతిలో ఎవరో తీసుకున్నారు. నవంబర్‌లో మొత్తం తిరిగొచ్చింది. ఏ కాగితం ఎక్కడ పనికొచ్చిందో, ఎక్కడ ఎన్నాళ్లు ఆగాల్సి వచ్చిందో రాస్తున్నాను. మాకు అవసరమైనప్పుడు ఇలాంటిది రాసినవాళ్లు దొరకలేదు.

అమ్మ జగిత్యాల జిల్లాలో ఉంటుంది, బీడీలు చేస్తుంది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. తమ్ముడు దుబాయ్‌లో. జూలై 17, గురువారం మధ్యాహ్నం బ్యాంకు నుంచే ఫోన్ చేసింది. "బిడ్డా, పైసలు లేవంటున్నరు. పదిహేడు వందలే ఉన్నయంట" అంది. అందులో 31,240 ఉండాలి. తమ్ముడు పంపినవి, తన కూలి డబ్బులు కలిపి దాచుకుంటోంది. పక్కనున్న ఒకాయనకు ఫోన్ ఇప్పించి పాస్‌బుక్‌లో ప్రింటైన వరుసలు చదివించాను. 14న 10,000, 15న 10,000, 16న 9,500. మూడింటి పక్కనా ఏఈపీఎస్ అని ఉంది. ఏఈపీఎస్‌లో ఒక్కసారికి 10,000 మించి ఇవ్వరు, అందుకే ఒక్కసారిగా కాకుండా మూడు విడతలుగా లాగారు.

మెసేజ్‌లు వచ్చాయి, కానీ అమ్మకు కాదు. ఖాతా తెరిచినప్పుడు తమ్ముడి నంబరు ఇచ్చారు. వాడు దుబాయ్ వెళ్లాక ఆ సిమ్ పెట్టెలో ఉంది. మా వైపు గల్ఫ్‌కు మనిషి వెళ్లిన ఇళ్లలో సగం ఖాతాలు ఇలాగే ఉంటాయి.

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాను. లైన్ దొరకడానికి పావుగంట పట్టింది. వాళ్లు అడిగేవి ముందే దగ్గర పెట్టుకుంటే మంచిది: ఖాతా నంబరు, ఏ రోజు ఎంత పోయింది, ఒక్కో లావాదేవీకి ఉండే పన్నెండంకెల నంబరు. ఆ నంబర్లు పాస్‌బుక్‌లో సగమే పడ్డాయి, కౌంటర్‌లో స్టేట్‌మెంట్ తీయించి మళ్లీ చదివించాల్సి వచ్చింది. ఫిర్యాదు నంబరు మెసేజ్‌గా వచ్చింది. ఇరవై నాలుగు గంటల్లోపు సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మిగతా వివరాలు నింపమన్నారు, ఆ రాత్రే నింపాను. ఫోన్‌లో మాట్లాడిన ఆపరేటర్ ఒక మాట దాచకుండా చెప్పారు. యూపీఐలో పోయిన డబ్బయితే ఏదో ఒక ఖాతాలో ఉంటుంది, దాన్ని ఆపవచ్చు. ఇది చేతికిచ్చిన నగదు, ఆపడానికి ఏ ఖాతాలోనూ లేదు. ఆ మాట విన్నాక నాకు కాళ్లాడలేదు. కానీ ఆ మాట వల్లే ఒకటి అర్థమైంది: దొంగ దొరికితే డబ్బొస్తుందని కూర్చుంటే లాభం లేదు, బ్యాంకునే అడగాలి.

18న తెల్లవారుజామున బస్సెక్కి బ్యాంకు తెరిచే వేళకు ఊరు చేరాను. అమ్మ అన్నం తినలేదు. ఇంటికి వచ్చినవాళ్లందరూ ఒకటే ప్రశ్న, "ఎవలకన్నా నంబర్ చెప్పినవా?" అని. అమ్మ ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకొస్తోంది, "నేను ఎవలకు ఏం చెప్పలే. ఎవలూ ఫోన్ చెయ్యలే" అని. మా దగ్గరి బంధువు ఒకాయన గుమ్మంలో నిలబడే, "గిట్ల అడిగినోళ్లకల్లా చెప్తే గంతే మరి" అన్నాడు. డబ్బు పోయినదానికంటే ఆ మాటకే అమ్మ ఎక్కువ కుంగిపోయింది. ఆ వారమంతా చాట ముందుకు రాలేదు, బీడీలు చేయలేదు.

బ్యాంకులోనూ అదే పాట. అధికారి స్క్రీన్ చూసి, "ఓటీపీ చెప్పి ఉంటారు మేడం, పెద్దవాళ్లకు గుర్తుండదు" అన్నారు. ఏఈపీఎస్‌కు ఓటీపీ ఉండదు కదా సార్ అంటే, "అయితే వేలిముద్ర పెట్టి ఉంటారు, సిస్టంలో సక్సెస్ అని చూపిస్తోంది" అన్నారు. ఆధార్‌ను ఖాతాకు లింక్ చేసినప్పుడే ఏఈపీఎస్ దానంతటదే మొదలైపోతుంది. కావాలా అని అమ్మను ఎవరూ అడగలేదు, అదొకటి ఉందని కూడా అమ్మకు తెలియదు. తనకు ఉందని తెలియని తలుపుకు తాళం ఎందుకు వేయలేదని అడిగితే ఆమె ఏం చెప్పాలి?

రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం. 17వ తేదీనే కౌంటర్‌లో చెప్పిన విషయం అందులో రాశాం, 1930 నంబరు కూడా. ఏఈపీఎస్ నిలిపేయమని ఇంకో కాగితం విడిగా ఇచ్చాం. రెండో కాపీ మీద ఇన్‌వర్డ్ సీల్ వేయమంటే, "అవసరం లేదు, మేం మెయిల్ పంపిస్తాం" అన్నారు. సీల్ వేసేదాకా అక్కడే కూర్చున్నాం. దాదాపు గంట. ఇది చదివేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఈ ఒక్కటే: సీల్, తేదీ, సంతకం లేకుండా బ్యాంకు గడప దాటొద్దు. తర్వాత మేం నెగ్గిన ప్రతి చోటా ఆ కాగితమే ముందు పెట్టాం.

ఇక ఆధార్ లాక్. వేలిముద్రలు ఇంకెక్కడా వాడకుండా బయోమెట్రిక్ లాక్ చేసుకోవచ్చని చదివాను. ఆధార్ వెబ్‌సైట్‌లో రెండు నిమిషాల పని. కానీ దానికి ఓటీపీ కావాలి, ఆధార్‌కు లింకైందీ తమ్ముడి నంబరే. నంబరు మార్చడానికి అమ్మను ఆధార్ సెంటర్‌కు తీసుకెళ్లాం. కాగితాలేవీ అడగలేదు, అప్పట్లో 50 రూపాయలు.

19న ఆధార్ సెంటర్‌లో జరిగింది నేను ఎప్పటికీ మర్చిపోను. నంబరు మార్చడానికి అమ్మ వేలిముద్ర పెట్టాలి. కుడిచేతి చూపుడువేలు పెట్టింది, రాలేదు. బొటనవేలు, రాలేదు. ఆపరేటర్ కుర్రాడు తడిగుడ్డతో తుడిచాడు, పొడిగుడ్డతో తుడిచాడు, "గట్టిగా ఒత్తమ్మా" అని పైనుంచి తన వేలితో నొక్కాడు. అమ్మ వేలి కొసలు నేను అప్పుడు దగ్గరగా చూశాను. నలభై ఏళ్లు తునికాకు చుట్టి, దారం కట్టి, కొసలు మడిచిన వేళ్లు. చర్మం నున్నగా మెరుస్తోంది, గీతలు లేవు. పది వేళ్లలో ఒక్కటీ పట్టలేదు. చివరికి కంటిపాపతో అయ్యింది.

రేషన్ దుకాణంలోనూ ఎప్పుడూ ఇంతేనంది అమ్మ. "నా ఏలు ఎన్నడు పడ్డది బిడ్డా? కన్నే చూస్తడు డీలరు."

అప్పుడు నాకు తట్టింది. అసలు మనిషి అసలు వేలు పెడితే పట్టని యంత్రం, మూడు రోజులు వరుసగా ఎవరి వేలికి సక్సెస్ అంది?

కొత్త నంబరు ఎక్కడానికి ఐదు రోజులు పట్టింది. 24 రాత్రి అమ్మ పేరుతో లాగిన్ అయి ముందు బయోమెట్రిక్ లాక్ చేశాను. తర్వాత అథెంటికేషన్ హిస్టరీ తీశాను. ఇది చాలామందికి తెలియదు. మన ఆధార్ ఎప్పుడు, ఏ సమయానికి, వేలితోనా కంటితోనా ఓటీపీతోనా, ఏ సంస్థ ద్వారా వాడారో గత ఆరు నెలలది, యాభై దాకా వరుసలు చూపిస్తుంది. విఫలమైనవి కూడా ఎర్రర్ కోడ్‌తో సహా ఉంటాయి. అమ్మది చూస్తే ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ప్రతి నెలా రేషన్ తీసుకున్న రోజున ఒకే వరుస: వేలు, ఫెయిల్, 300. మళ్లీ వేలు, ఫెయిల్, 300. తర్వాత కన్ను, సక్సెస్. 300 అంటే వేలిముద్ర సరిపోలలేదని. ఇక జూలై 14 ఉదయం, ఎక్కడో ఒక మినీ ఏటీఎంలో, అంటే ఏఈపీఎస్ మీద నగదు ఇచ్చే చోట, వేలు రెండుసార్లు ఫెయిలై మూడోసారికి సక్సెస్. 15న, 16న మొదటిసారికే సక్సెస్.

దాన్ని పీడీఎఫ్‌గా దించుకుని ప్రింట్ తీశాను. నాలుగు పేజీలు. మా కేసంతా ఆ నాలుగు పేజీల్లోనే ఉంది.

బ్యాంకు జవాబు కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్ చదివాను. మన అనుమతి లేకుండా జరిగిన లావాదేవీలో కస్టమర్ బాధ్యత ఎంతవరకు అన్నది అందులో ఉంది. తప్పు బ్యాంకుదీ కాదు, కస్టమర్‌దీ కాదు, వ్యవస్థలో ఇంకెక్కడో ఉంది అనుకున్నప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెబితే కస్టమర్ ఒక్క రూపాయి భరించనక్కర్లేదు. సమాచారం అందిన రోజును లెక్కలోకి తీసుకోరు. మొదటి మెసేజ్ వెళ్లింది 14న. 15, 16, 17. తమ్ముడి సిమ్‌కు వెళ్లిన మెసేజ్‌నే లెక్కలోకి తీసుకున్నా మేం మూడో రోజున చెప్పాం. ఫిర్యాదు చేసిన పది పనిదినాల్లో ఆ సొమ్ము తాత్కాలికంగా ఖాతాలో వేయాలని, తొంభై రోజుల్లో తేల్చాలని కూడా ఉంది. అన్నింటికంటే నాకు ధైర్యమిచ్చిన వాక్యం ఇంకోటి: కస్టమర్‌దే బాధ్యత అని నిరూపించాల్సిన భారం బ్యాంకుది. అంటే ఊరంతా అమ్మను అడుగుతున్న "నువ్వు చెప్పలేదని ఏంటి రుజువు" అన్న ప్రశ్న అసలు అమ్మను అడగాల్సింది కాదు.

జూలై నెలాఖరు దాటింది, ఖాతాలో ఏమీ పడలేదు. ఆగస్టు 6న బ్యాంకు నుంచి మెయిల్ వచ్చింది. బయోమెట్రిక్ ధ్రువీకరణ విజయవంతంగా జరిగింది కనుక లావాదేవీలు కస్టమర్ చేసినవే, ఫిర్యాదు మూసేశాం. మూడు వాక్యాలు. మేమిచ్చిన ఫిర్యాదులో ఒక్క అంశానికీ జవాబు లేదు. చదివి ఏడ్చాను. ఆఫీసులో ఓ స్నేహితురాలు మాత్రం, "మంచిదే, తిరస్కరించారు కాబట్టి ఇక ముప్పై రోజులు ఆగక్కర్లేదు, నేరుగా అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు" అంది. నిజమే. ముందు బ్యాంకుకు ఫిర్యాదు చేయాలి, ముప్పై రోజులు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు.

ఆగస్టు 11న ఆన్‌లైన్‌లో వేశాను. ఫీజు లేదు. అమ్మ తరఫున నేను మాట్లాడేందుకు అమ్మ సంతకంతో అధికార పత్రం జత చేయాలి, అది వాళ్ల పోర్టల్‌లోనే దొరుకుతుంది. లాయర్ అక్కర్లేదు. జిరాక్స్ షాపు దగ్గర ఒకతను ఫిర్యాదు వేసిపెట్టడానికి 2,000 అడిగాడు, దయచేసి ఎవరికీ ఇవ్వకండి. ఫారం ఇంగ్లీషులో ఉంది. అర్థం కాని చోట రిజర్వ్ బ్యాంకు హెల్ప్‌లైన్ 14448కి ఫోన్ చేస్తే తెలుగులో చెప్పారు. జత చేసినవి: సీల్ ఉన్న ఫిర్యాదు, స్టేట్‌మెంట్, 1930 ఫిర్యాదు, బ్యాంకు మెయిల్, హిస్టరీ నాలుగు పేజీలు.

ఇంకొకటి కూడా జత చేశాం, అది అమ్మ ఆలోచన. రోజూ చేసిన బీడీలు కార్ఖానాలో ఇచ్చినప్పుడు పుస్తకంలో రాసిస్తారు. జూలై 14, 15, 16 మూడు రోజులూ అమ్మ బీడీలు ఇచ్చినట్టు అందులో ఉంది. ఆగస్టు మూడో వారంలో జిల్లా సైబర్ క్రైమ్ స్టేషన్ నుంచి పిలిచారు. డబ్బు తీసిన మినీ ఏటీఎం వెయ్యి కిలోమీటర్ల పైన ఉన్న ఊళ్లోదని అక్కడి కానిస్టేబుల్ చెప్పాడు. ఉదయం అక్కడ డబ్బు తీసి సాయంత్రం ఇక్కడ బీడీలు లెక్క ఇవ్వడం ఏ మనిషికీ కుదరదు. పుస్తకంలో ఆ పేజీలను ఫోటో తీసి అదనపు పత్రంగా పంపాను.

వేలిముద్ర వాళ్లకెలా దొరికిందని ఆ కానిస్టేబుల్‌ను అడిగాను. ఈమధ్య స్థలం ఏమైనా రిజిస్ట్రేషన్ చేశారా అని ఎదురు అడిగాడు. చేశాం, నాన్న కొన్న ప్లాటును అంతకు రెండేళ్ల ముందు అమ్మితే దస్తావేజు మీద అమ్మ వేలిముద్రలు పడ్డాయి. రిజిస్ట్రేషన్ పత్రాల మీది ముద్రల నుంచి రబ్బరు వేలిముద్రలు తయారుచేసి సిమ్ కార్డులు యాక్టివేట్ చేసిన కేసు 2018లో మా పక్క పెద్దపల్లి జిల్లాలోనే బయటపడింది. చట్టం పెట్టమన్న చోట అమ్మ వేలు పెట్టింది. ఇందులో జాగ్రత్త పడాల్సింది అమ్మ ఎక్కడ?

సెప్టెంబర్ మూడో వారం దాకా మౌనం. మధ్యలో రేషన్ వచ్చింది. జూన్‌లో మూడు నెలల బియ్యం ఒకేసారి ఇచ్చారు కాబట్టి అప్పటిదాకా ఇబ్బంది తెలియలేదు. లాక్ చేస్తే కన్ను కూడా లాకవుతుందని అప్పుడు తెలిసింది. డీలర్ మిషన్‌లో 330 అని వచ్చింది, అంటే కార్డుదారే లాక్ చేశారని. అమ్మ దుకాణం దగ్గరి నుంచి ఫోన్ చేస్తే నేను ఇక్కడ లాగిన్ అయి తాత్కాలికంగా తీయాలి, పది నిమిషాల్లో మళ్లీ లాకైపోతుంది. అందుకు వచ్చే ఓటీపీ అమ్మ ఫోన్‌కే వస్తుంది, ఆమె ఒక్కో అంకె చదివి నాకు చెప్పాలి. ఎవరికీ ఓటీపీ చెప్పొద్దని ఊదరగొట్టి, నెలకోసారి నేనే చెప్పమని అడగాల్సి వస్తోంది. అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నాం. నేను ఫోన్ చేసి అడగను, ఎప్పుడూ అమ్మే నాకు చేయాలి. అడుగుతూ ఎవరు ఫోన్ చేసినా, నా గొంతే వినిపించినా, పెట్టేయాలి.

సెప్టెంబర్ 22న అంబుడ్స్‌మన్ ఆఫీసు నుంచి మెయిల్, బ్యాంకును వివరణ అడిగామని. అక్టోబర్ 14న బ్యాంకు ప్రాంతీయ కార్యాలయం నుంచి ఫోన్. గొంతు మారింది. "సానుభూతితో 15,000 ఇస్తాం, ఫిర్యాదు వెనక్కు తీసుకోండి" అన్నారు. అమ్మ ఒప్పేసుకోమంది. "సగమన్నా వస్తున్నయి కదా బిడ్డా, తీస్కో. ఎన్ని దినాలు గీ తిరుగుడు." ఆ రాత్రి మాకు పెద్ద వాదనే అయ్యింది. అమ్మ అనేదీ తప్పు కాదు, మూడు నెలలుగా ఊళ్లో తలెత్తి మాట్లాడలేకపోతోంది, ఏదో ఒకలా ముగిస్తే చాలనుకుంది. కానీ సానుభూతి అన్న మాట నాకు మింగుడు పడలేదు. సగం తీసుకుంటే మిగతా సగం తప్పు అమ్మదని ఒప్పుకున్నట్టే. చివరికి తమ్ముడు దుబాయ్ నుంచి, "మిగతా సగం పోతే నేను పంపిస్తా, అక్క చెప్పినట్టు కానియ్యమ్మా" అన్నాడు. మరుసటి రోజు మెయిల్ రాశాను. వేలు ఎప్పుడూ పట్టని మనిషి వేలు వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఎలా పట్టిందో వివరించండి, వివరించలేకపోతే మొత్తం ఇవ్వండి. అంతే రాశాను, సర్క్యులర్‌లోని ఆ భారం వాక్యాన్ని కింద చేర్చాను.

నవంబర్ 7న 29,500 ఖాతాలో పడింది. ఈసారి మెసేజ్ అమ్మ ఫోన్‌కే వచ్చింది. అమ్మకు చదవడం రాదు కాబట్టి ఎదురింటి పిల్లాడితో చదివించుకుంది, రెండుసార్లు. తర్వాత గుమ్మంలో ఆ మాట అన్న మా బంధువును పిలిచి ఆయనతోనే మూడోసారి చదివించిందట. బ్యాంకు నుంచి క్షమాపణ రాలేదు. జూలై నుంచి రావాల్సిన వడ్డీ కొద్దిపాటిదే అయినా దానికీ రాశాను, జవాబు రావాలి. బస్సు చార్జీలు, జిరాక్సులు, నేను పెట్టిన సెలవులు, అమ్మ పోగొట్టుకున్న కూలి, ఇవేవీ ఎవరూ ఇవ్వరు.

కేసు ఇంకా నడుస్తోంది. మినీ ఏటీఎం నడిపినతనికి నోటీసు వెళ్లిందని స్టేషన్‌లో చెప్పారు. ఈలోగా మా వాడకట్టులో బీడీలు చేసే ఆడవాళ్లు తమ ఆధార్‌లకూ లాక్ వేసిపెట్టమని అడుగుతున్నారు. చాలామందికి ఆధార్‌కు లింకైన నంబరు గల్ఫ్‌లో ఉన్న కొడుకుదో, పోయిన భర్తదో. 2025 అక్టోబర్ నుంచి నంబరు మార్పు ఫీజు 75 రూపాయలైంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు వాళ్లను ఆధార్ సెంటర్‌కు తీసుకెళ్తున్నాను. కంటిపాప మిషన్ పనిచేసే రోజేదో ముందే కనుక్కుని వెళ్లాలి, వాళ్ల వేళ్లూ పట్టవు.